వైజాగ్ వెళ్తున్నారా? ఆర్కే బీచ్‌లో సెల్ఫీతో సరిపెట్టకండి.. తీరం వెంట ఇవీ చూడండి

వైజాగ్ టూర్ అనగానే చాలా కుటుంబాలకు ఒకటే ప్రోగ్రామ్. పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, మర్నాడు తెల్లారకుండానే అరకు రైలు. ఇందులో తప్పేం లేదు. 1971 యుద్ధ సమయంలో పనిచేసిన ఐఎన్ఎస్ కురుసురా లోపలికి వెళ్లి చూడటం ఎవరికైనా మంచి అనుభవమే. కాకపోతే అక్కడితో ఆగిపోతే వైజాగ్ తీరంలో అసలు సరుకు చూడనట్టే. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సముద్రాన్ని ఆనుకుని సాగే దాదాపు 30 కిలోమీటర్ల రోడ్డు మీదే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామాలు, యునెస్కో దృష్టికి వెళ్లిన ఎర్రమట్టి దిబ్బలు, డచ్ వాళ్ల సమాధులు, తాబేలు పిల్లల పొదుగుదల కేంద్రాలు ఉన్నాయి. ఎంట్రీ టికెట్లకు పెద్దగా ఖర్చు కాదు. కావాల్సిందల్లా ఒక్కటే.. పొద్దున్నే లేవడం.

ముందు స్నానం సంగతి

బీచ్ హాలిడే అంటే నీళ్లలో దిగడమే అనుకుంటాం. వైజాగ్‌లో ఆ పని ఆలోచించి చేయాలి. ఏటా ఈ తీరంలో పర్యాటకులు, ముఖ్యంగా కాలేజీ కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ఈత రానివాళ్లే కాదు, చెరువుల్లో బాగా ఈదేవాళ్లు కూడా ఇందులో ఉంటున్నారు. కారణం చాలాసార్లు రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన అలల నీళ్లు తిరిగి లోపలికి వెళ్లడానికి ఒక సన్నని దారి చేసుకుంటాయి. ఆ దారిలో పడిన మనిషిని నీళ్లు సముద్రంలోకి లాక్కుపోతాయి.

విచిత్రం ఏంటంటే, పైనుంచి చూస్తే ఆ చోటే ప్రశాంతంగా కనిపిస్తుంది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక పట్టీ మాత్రం నిమ్మళంగా ఉంటుంది. ‘ఇక్కడైతే అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది’ అని దిగేది అక్కడే. ఒకవేళ అందులో చిక్కుకుంటే నేరుగా ఒడ్డు వైపు ఈదకూడదు. ప్రవాహంతో పోరాడితే ఒంట్లో శక్తి అయిపోతుంది. నీటి మీద తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, లైఫ్‌గార్డులు లేనిచోట మోకాళ్ల లోతు కూడా వద్దు. అలలు ఎక్కువగా ఉండే రోజుల్లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ముందే హెచ్చరికలు ఇస్తుంది. బయల్దేరే ముందు వాతావరణంతో పాటు అదీ చూసుకోవడం మంచిది.

రాళ్ల మధ్య చిన్న సముద్రం

స్నానం పక్కన పెడితే, ఇక్కడి సముద్రాన్ని దగ్గర నుంచి చూడటానికి ఇంకో దారి ఉంది. తెన్నేటి పార్క్, జోడుగుళ్లపాలెం, రుషికొండ, మంగమారిపేట దగ్గర తీరమంతా రాళ్లే. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, ఈ రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచిపోతాయి. ఒక్కో గుంటా ఒక చిన్న అక్వేరియం లాంటిది.

ఖాళీ శంఖంలో దూరి దాన్ని మోసుకుంటూ తిరిగే సన్యాసి పీతలు, ముళ్ల బంతిలా ఉండే సీ అర్చిన్లు, పువ్వులా విచ్చుకుని ముట్టుకోగానే ముడుచుకుపోయే సీ అనిమోన్లు, ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదకు గెంతే చిట్టి చేపలు కనిపిస్తాయి. మొదటి ఐదు నిమిషాలు ఏమీ లేనట్టే అనిపిస్తుంది. కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటీ బయటకు వస్తాయి. పిల్లలు ఫోన్ మర్చిపోయే చోటు ఏదైనా ఉందంటే ఇదే. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే స్థానిక బృందం ఇలాంటి చోట్ల అప్పుడప్పుడూ జనాన్ని వెంట తీసుకెళ్లి జీవులను పరిచయం చేస్తుంటుంది. వాళ్లతో వెళ్తే కనిపించేవాటి పేర్లు కూడా తెలుస్తాయి.

టైమింగ్ ముఖ్యం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. పోటుకు, పాటుకు మధ్య ఆరు గంటలకు పైగా గ్యాప్ ఉంటుంది. పాటు వచ్చే టైమ్ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో నీళ్లు బాగా తగ్గుతాయి కాబట్టి అవే మంచి రోజులు. టైడ్ టైమింగ్స్ ఫోన్‌లోనే దొరుకుతాయి. పాటు పూర్తయ్యే సమయానికి గంట ముందు వెళ్లి, నీళ్లు తిరిగి పెరగడం మొదలవగానే వచ్చేయాలి. చెప్పులు కాకుండా గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోవాలి. నాచు జారుతుంది, రాళ్లకు అంటుకున్న బార్నకిల్స్ బ్లేడులా కోస్తాయి. శంఖాలు ఏరి ఇంటికి తెచ్చుకోకండి. మీ షోకేస్‌లోకి వచ్చిన ఖాళీ శంఖం ఒక పీతకు ఇల్లు. పైగా కోన్ ఆకారంలో ఉండే కొన్ని నత్తలకు విషం ఉంటుంది, చేత్తో పట్టుకుంటే ప్రమాదం.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున

నిద్ర మానుకోగలిగితే ఒక రోజు ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లండి. రోజుల తరబడి సముద్రంలో ఉండి వచ్చిన మరపడవలు సరుకు దించుతుంటాయి. కుప్పలు పోసిన చేపల చుట్టూ వేలంపాట నడుస్తుంటుంది. కోనాం అని ఇక్కడ పిలిచే వంజరం, చందువ, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, టైగర్ రొయ్యలు, బుట్టల నిండా పీతలు.. చేపల పేర్లు నేర్చుకోవడానికి దీన్ని మించిన క్లాస్‌రూమ్ లేదు. కొని తలపైన గంపలతో ఊళ్లోకి వెళ్లేది, బేరం గట్టిగా ఆడేది ఎక్కువగా ఆడవాళ్లే. ‘ఏమ్మా, ఎంత?’ అని అడిగి రేటు తెలుసుకోవచ్చు గానీ, ఫొటో తీసే ముందు మాత్రం ఒక మాట అడగాలి. అది వాళ్లు పని చేసుకునే చోటు. గంపలు మోసేవాళ్ల దారికి అడ్డంగా నిలబడితే రెండు చీవాట్లు తప్పవు, అందులో వాళ్ల తప్పేం ఉండదు.

2023 నవంబర్‌లో ఇదే హార్బర్‌లో అర్ధరాత్రి మంటలు చెలరేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఒక బోటు మీద ఎన్ని ఇళ్లు బతుకుతాయో అప్పుడు రాష్ట్రమంతా చూసింది. మరో విషయం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లకు హార్బర్‌లో ఆ సందడి కనిపించదు.

అప్పుడు కూడా ఒడ్డున ఉండి లాగే అలివి వల చూడొచ్చు. పెదజాలరిపేట లాంటి జాలరి పేటల దగ్గర చిన్న పడవలో వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదిలి వస్తారు. తర్వాత రెండు కొసల తాళ్లు పట్టుకుని రెండు గుంపులు ఇసుక మీద నుంచి లాగుతారు. గంటకు పైనే పడుతుంది. అడిగి తాడుకు ఓ చెయ్యి వేయొచ్చు. ఆ బరువు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

తాబేలు పిల్లలు సముద్రంలోకి..

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తే ఇంకో అదృష్టం దొరకొచ్చు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, ఇసుకలో గుంత తీసి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తినేయకుండా అటవీ శాఖ సిబ్బంది ఆ గుడ్లను ఏరి, తీరంలోనే కంచె వేసిన పొదుగుదల కేంద్రాల్లో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటకు వస్తాయి. పుట్టేది ఆడా మగా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడ తాబేళ్లు.

పిల్లలను ఎక్కువగా ఉదయం పూట సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో సగం కూడా లేని ప్రాణి అలను ఎదురీదుకుంటూ పోవడం చూసి తీరాల్సిందే. అయితే డేట్, టైమ్ ముందే చెప్పలేరు, గుడ్లు చిట్లినప్పుడే. సీజన్‌లో స్థానిక అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. రాత్రి వేళ ఫ్లాష్, టార్చ్ వేయకూడదు. పిల్లలు వెలుగున్న దిక్కుకే పోతాయి. సముద్రంపై వెలుతురు కంటే బీచ్ రోడ్డు లైట్లు ఎక్కువైతే రోడ్డు మీదకే వచ్చేస్తాయి. చేతిలోకి తీసుకుని సెల్ఫీ దిగడం చట్టరీత్యా కూడా నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి షెడ్యూల్-1 జీవులు.

ఎర్రమట్టి దిబ్బలు.. చూడండి, ఎక్కకండి

సిటీ నుంచి భీమిలి వెళ్లే దారిలో దాదాపు 20 కిలోమీటర్ల తర్వాత ఎడమ పక్కన భూమి రంగు మారిపోతుంది. సముద్రం ఒడ్డునే ఎర్రటి ఇసుక గుట్టలు, వాటి మధ్య వాన నీళ్లు కోసిన లోయలు. సినిమా పాటల్లో చాలామంది చూసే ఉంటారు. వేల ఏళ్ల పాటు సముద్ర మట్టం పెరుగుతూ, తగ్గుతూ ఉండగా గాలి మోసుకొచ్చిన ఇసుక ఇక్కడ పేరుకుంది. అందులోని ఇనుప ఖనిజాలు తుప్పు పట్టి రేణువులకు ఎర్ర పూతలా అంటుకున్నాయి. దక్షిణాసియాలో ఇలాంటి చోట్లు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. జియోలాజికల్ సర్వే దీన్ని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబర్‌లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి తిరుమల కొండలతో పాటు ఇదీ చేరింది.

ఇంత గొప్ప చోటు చేత్తో గీస్తే రాలిపోయేంత మెత్తగా ఉంటుంది. వానకు కోతపడటం సహజం. దానికి తోడు పైకెక్కి జారేవాళ్లు, పేర్లు చెక్కేవాళ్లు, చుట్టూ పెరిగే కట్టడాలు. 2024లో దిబ్బల పక్కన యంత్రాలతో తవ్వకాలు జరిగాయని పెద్ద దుమారమే రేగింది. లోయల్లో ఉన్న కాలిబాటలో నడవండి, గుట్ట అంచుల మీదకు పోవద్దు. కింద నిలబడినవాళ్ల మీద మట్టి పెళ్లలు విరిగిపడే ప్రమాదమూ ఉంది. వెలుగు ఏటవాలుగా పడే ఉదయం, సాయంత్రం రంగు బాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం వెళ్తే ఎండ తప్ప ఏమీ మిగలదు. లోపల దుకాణాలు ఉండవు, నీళ్లు వెంట తీసుకెళ్లాలి.

తొట్లకొండ, భీమిలి

దిబ్బలకు ముందే తొట్లకొండ వస్తుంది. 1976లో నౌకాదళం విమానం నుంచి సర్వే చేస్తుండగా ఇక్కడి బౌద్ధ ఆరామం బయటపడింది. 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. వాన నీళ్లు నిల్వ చేసుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయంటే, కింద కనిపించే ఈ సముద్రం మీద అప్పట్లో వ్యాపారం ఏ స్థాయిలో సాగేదో ఊహించుకోవచ్చు. దగ్గర్లోని బావికొండకు బావుల వల్ల, భీమిలి పక్కన పావురాళ్లకొండకు పావురాల వల్ల పేర్లు వచ్చాయి. మూడూ బౌద్ధ క్షేత్రాలే. టైమ్ తక్కువుంటే తొట్లకొండ ఒక్కటీ చాలు. ఎదురుగా మంగమారిపేట ఒడ్డున అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది, అదీ పాటు సమయంలోనే చూడాలి.

రోడ్డు చివర భీమునిపట్నం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. 17వ శతాబ్దంలో డచ్ వాళ్లు ఇక్కడ స్థావరం పెట్టుకుని బట్టల వ్యాపారం చేశారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాళ్ల మీద చెక్కిన డచ్ అక్షరాలు, వంశ చిహ్నాలు చూస్తుంటే, ఎక్కడి నుంచో వచ్చి ఈ ఉక్కపోతలో ఎలా బతికారో అనిపిస్తుంది. పాత లైట్‌హౌస్, అనంతగిరి కొండల నుంచి దిగి వచ్చిన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు కూడా ఇక్కడే. అక్కడ నీళ్లు నిదానంగా కనిపించినా దిగొద్దు. నది, సముద్రం కలిసేచోట ఇసుక, ప్రవాహం రెండూ రోజుకోలా ఉంటాయి.

సిటీలో మిగిలిన సాయంత్రం ఉంటే వన్ టౌన్ వైపు వెళ్లండి. హార్బర్ ముఖద్వారం పక్కన మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి వరుసగా ఉంటాయి. రాస్ హిల్ చర్చి పైనుంచి ఓడలు లోపలికి రావడం కనిపిస్తుంది.

ఎలా వెళ్లాలి?

అక్టోబర్ నుంచి మార్చి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబర్, నవంబర్‌లలో మాత్రం తుపాను హెచ్చరికలు చూసుకోవాలి. 2014లో హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబర్‌లోనే. మేలో 5.20కే సూర్యోదయం, జనవరిలో 6.30 దాకా అవుతుంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో కాసేపు వాహనాలు ఆపేసి వాకర్లకు వదిలేస్తారు కాబట్టి ఆటో, క్యాబ్ ఎక్కడ ఎక్కాలో ముందే అనుకోండి. బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి ఆర్టీసీ సిటీ బస్సులు తిరుగుతుంటాయి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వరకు 2025 ఆగస్టులో డబుల్ డెక్కర్ ఎలక్ట్రిక్ బస్సులు ప్రారంభించారు. పిల్లలుంటే పై అంతస్తులో సముద్రం వైపు సీటు పట్టుకోండి. తొట్లకొండ, దిబ్బలు, భీమిలి ఒకే రోజులో చూడాలంటే ముందు దిబ్బలకు వెళ్లి, ఎండ ముదిరేలోపు తొట్లకొండ ముగించి, మధ్యాహ్నం భోజనానికి భీమిలి చేరుకుంటే సరిపోతుంది.