సాంచా పట్టా వేరు, టైమింగ్ బెల్టు వేరు



పాత కారు బెల్టు తెగితే "పట్టానే కదా, కొత్తది ఎక్కించి స్టార్ట్ చేయి" అనే మాట మన పేటల్లో ఇప్పటికీ వినబడుతుంది. ఆ మాట నమ్మితే ఇంజనే పోవచ్చు. అసలు అది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

షోలాపూర్‌లో జూనా మిల్లు 1877 నాటిది. ఆ కాలపు మిల్లుల్లో పైన పొడుగాటి షాఫ్టు, దాని నుంచి ఒక్కో సాంచాకు తోలు పట్టా. తర్వాత సాంచాలు మన ఇళ్లలోకి వచ్చాయి, సాంచాకో మోటారు, మోటారుకో పట్టా. అది తెగితే సాంచా ఆగుతుంది, అంతే. కుట్టి ఎక్కిస్తే మళ్లీ నడుస్తుంది.

కార్లు కూడా ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు. ప్రీమియర్ పద్మినిలో, అంబాసిడర్‌లో టైమింగ్ నడిపేది గొలుసు. అరిగితే ముందే గరగరమంటుంది. (పద్మినిని తయారుచేసిన ప్రీమియర్ కంపెనీని 1944లో పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ పుట్టింది మన షోలాపూర్‌లోనే.) 1983లో వచ్చిన మారుతి 800లో, ఆ తర్వాత ఇండికా డీజిల్‌లో గొలుసు పోయి పళ్ల రబ్బరు బెల్టు వచ్చింది. ఇది చప్పుడు చేయదు, ఒక్కసారే తెగుతుంది. ఈ పళ్ల బెల్టు 1940లలో అమెరికాలో కుట్టు మిషన్ల కోసం పుట్టింది, 1962లో జర్మనీ వాళ్ల గ్లాస్ కారు ఇంజన్‌లోకి ఎక్కింది. అంటే అది కూడా బట్టల పని నుంచి వచ్చిందే!

సాంచాలో దీనికి సాటి మోటారు పట్టా కాదు, క్రాంక్ షాఫ్టుకూ కింది షాఫ్టుకూ మధ్య ఉన్న పళ్ల చక్రాలు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కింది షాఫ్టు ఒక చుట్టు. ఇంజన్‌లో క్రాంక్‌కూ క్యామ్‌కూ సరిగ్గా అదే లెక్క. ఆ చక్రాలు పళ్లు తప్పితే ఏమవుతుందో జాబర్లను అడగండి: పడుగు మూసుకునే వేళకు నాడె ఇంకా మధ్యలోనే ఉంటుంది, వందల పోగులు తెగుతాయి. ఇంజన్‌లో నాడె బదులు పిస్టన్, పడుగు బదులు వాల్వు. డీజిల్ ఇంజన్‌లో వాటి మధ్య జాగా మరీ తక్కువ, వాల్వులు వంగిపోతాయి. అన్ని ఇంజన్లూ అలా తగలవు గానీ, మీ బండి ఏ రకమో తెలిసేదాకా తగులుతుందనే అనుకోండి.

అందుకే తెగిన తర్వాత సెల్ఫ్ కొట్టొద్దు, తోయించొద్దు. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే మిస్త్రీ ముందు పిస్టన్లన్నీ సగం ఎత్తులో నిలిపి, క్యామ్‌ను గుర్తుకు తెచ్చి, ఆ తర్వాతే క్రాంక్‌ను దాని గుర్తుకు తేవాలి. బెల్టు ఎక్కించి, టెన్షనర్ బిగించి, క్రాంక్‌ను పానాతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకూడదు, హెడ్ విప్పాల్సిందే. గుర్తులు మళ్లీ కలిస్తే కంప్రెషన్ చూసి, అప్పుడు స్టార్ట్ చేయాలి.

టెన్షనర్ బేరింగు, ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే మార్పించండి. వాటర్ పంపు ఆ బెల్టు మీదే తిరిగేదైతే అదీ మార్చాలి. తేదీ, కిలోమీటర్లు బెల్టు కవరు మీద పెయింటుతో రాయించండి. బండి అమ్మినా కొన్నవాడికి పనికొస్తుంది.