వూస్టరు నగరపు లేసు కార్డులు

శుభాకాంక్షల కార్డు చేతికి వచ్చినప్పుడు మనం మొదట బొమ్మను చూస్తాము, తరువాత లోపలి మాటలు చదువుతాము. ఆ బొమ్మను కాగితంమీదినుండి కొంచెము పైకెత్తి నిలిపిన మడత పట్టీ మాత్రం ఎవరి కంటా పడదు. పందొమ్మిదవ శతాబ్దంలో అటువంటి మడత పట్టీలను ఆధారం చేసికొని అమెరికాలో ఒక యువతి పెద్ద వర్తకమే నడిపినది. ఆమె పేరు ఎస్తర్ హౌలెండ్. ఆమె చరిత్రలో, ఆమె బల్లచుట్టూ కూర్చుండి పనిచేసిన స్త్రీల చరిత్రకూడా కలిసియున్నది.

ఫిబ్రవరి 14వ తేదీన ప్రేమపాత్రులకు కార్డులు పంపుకొనుట ఇంగ్లండులో పాత ఆచారమే. దానిని సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చినది తపాలా. 1840లో రోలండ్ హిల్ సంస్కరణవలన ఒక్క పెన్నీకే ఉత్తరం దేశంలో ఏ మూలకైనా చేరే ఏర్పాటు జరిగినది. ఐదేండ్ల తరువాత, అనగా 1845లో, అమెరికా ప్రభుత్వముకూడా తపాలా రుసుము తగ్గించి, 300 మైళ్లలోపు పోవు అర ఔన్సు ఉత్తరానికి 5 సెంట్లు నిర్ణయించినది. ఉత్తరం చౌక అయినకొలదీ కార్డులకు గిరాకీ హెచ్చినది.

ఆ కార్డుల సొగసంతా కాగితపు లేసులో ఉండేది. ఉక్కు అచ్చుమీద కాగితమునుంచి అదిమితే పువ్వులు, తీగలు ఉబ్బెత్తుగా లేస్తాయి. ఆ ఉబ్బిన భాగాలను సన్నని ఆకురాయితో అరగదీస్తే అక్కడక్కడ రంధ్రాలేర్పడి, కాగితం అచ్చముగా దారంతో అల్లిన లేసువలె కనిపిస్తుంది. ఈ విద్యలో ఆనాడు ఇంగ్లండు వారిదే పైచేయి. మేలైన కార్డు కావలెనన్న అమెరికనులు సముద్రము దాటి వచ్చినదానిని అధిక ధరకు కొనవలసివచ్చేది.

ఎస్తర్ హౌలెండ్ 1828లో మసాచుసెట్సు రాష్ట్రంలోని వూస్టరు నగరంలో జన్మించినది. తండ్రికి పుస్తకాలు, కాగితపు సామగ్రి అమ్మే దుకాణముండేది. 1847లో ఆమె మౌంట్ హోలియోక్ విద్యాలయంలో చదువు ముగించుకొని ఇల్లు చేరినది. ఆ రోజులలోనే తండ్రి వర్తక మిత్రుడొకరు పంపిన ఇంగ్లీషు కార్డు ఆమె చేతికి వచ్చినది. ఇటువంటివి తానూ చేయగలనని ఆమెకు తోచినది. తండ్రి ఇంగ్లండునుండి, న్యూయార్కునుండి లేసు కాగితము, రంగు బొమ్మలు తెప్పించి ఇచ్చినాడు. ఆమె కొన్ని నమూనాలు సిద్ధం చేయగా, సోదరుడు సరకు అమ్ముటకు పోవుచు వాటినికూడా వెంట తీసికొనిపోయినాడు. ఆమె రెండువందల డాలర్ల బేరమైనా వచ్చునా అని ఎదురుచూడగా, అతడు ఐదువేల డాలర్లకు మించిన ఆర్డర్లతో తిరిగివచ్చినాడని ఆమెనుగూర్చి చెప్పుకొనే వృత్తాంతం.

అమెరికాలో ఈ కార్డులు చేసినవారిలో ఆమె మొదటిది కాదు. ఆమె కార్డుల ప్రత్యేకత వాటి కట్టుబడిలో ఉన్నది. తెల్లని లేసు క్రింద ఎర్రనిదో, నీలిదో పలుచని రంగు కాగితపు ముక్క నుంచడంవలన రంధ్రాలగుండా రంగు తొంగిచూచేది. ఆ పైన మరొక లేసు పొర. ఈ పొరల నడుమ సన్నని కాగితపు పట్టీని చీర కుచ్చెళ్లవలె ముందుకు, వెనుకకు మడిచి, ఒక కొనను అడుగు కాగితానికి, రెండవ కొనను పై లేసుకు అంటించేవారు. కవరులో నుంచినప్పుడు అది హార్మోనియం తిత్తివలె అణగియుండి, బయటికి తీయగానే విచ్చుకొని పై పొరను లేవనెత్తేది. లేసు నీడ క్రింది రంగుమీద పడి, చదునైన కాగితానికి లోతు వచ్చేది. మడతలు ఎగుడుదిగుడైతే పై పొర ఒకప్రక్కకు ఒరిగిపోతుంది. కనుక అందమంతా మడిచే చేతి నిలకడలో ఉన్నది.

అన్ని ఆర్డర్లు ఒక్కరివలన తీరేవి కావు. ఎస్తర్ స్నేహితురాండ్రను పిలిచి, ఇంటి మేడమీద పొడవైన బల్ల వేసి పని పంచినది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తే, మరొకరు వాటిని అమర్చేవారు, ఇంకొకరు అంటించేవారు. తరువాత ఇండ్లవద్దనే పనిచేసే స్త్రీలకు కావలసిన సామగ్రినంతా పెట్టెలలో పెట్టి పంపి, వారం తిరిగినపిదప తయారైన కార్డులను తెప్పించి, స్వయముగా పరీక్షించేది. నర్సాపురం ప్రాంతపు లేసు పనిని ఎరిగిన మనకు ఈ పద్ధతి క్రొత్తగాదు. అక్కడా దారం ఇంటికి వస్తుంది, అల్లిన లేసు ఇల్లు దాటి దూరదేశాలకు పోతుంది, అల్లినామె పేరు మాత్రం దానివెంట పోదు.

చదువుకొన్న స్త్రీకికూడా పంతులమ్మ పనికి మించి దారులు తక్కువగా ఉన్న కాలమది. అటువంటప్పుడు గౌరవముగా నాలుగు డాలర్లు గడించుకొనే అవకాశం ఆ బల్లవద్ద పలువురకు దొరికినది. 1866లో మోకాలికి దెబ్బతగిలి నడువలేకపోయిననూ ఎస్తర్ కుర్చీలో కూర్చుండియే వ్యవహారము సాగించినది. 1870లో న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ ఏర్పడినది. 1879లో ఆ కంపెనీ 131 పద్యాలతో ఒక పుస్తకం వెలువరించినది. కార్డులోని పద్యం నచ్చనివారు ఇందులోనుండి వేరొకటి కత్తిరించి పైన అంటించుకొనవచ్చును.

వ్యాధిగ్రస్తుడైన తండ్రికి సేవచేయుటకై ఆమె 1881లో కంపెనీని అదే నగరానికి చెందిన జార్జ్ విట్నీకి విక్రయించినది. క్రమక్రమముగా అచ్చుయంత్రము చేతిపనిని ప్రక్కకు నెట్టినది. రంగులన్నీ అచ్చులోనే వచ్చిన కార్డు చౌకగా దొరికినది. దానికి మడత పట్టీ అక్కరలేకపోయినది. విట్నీ సంస్థకూడా రెండవ ప్రపంచయుద్ధ కాలపు కాగితపు కొరతవలన 1942లో మూతపడినది. అప్పటికి ఎస్తర్ గతించి 38 ఏండ్లయినది. ప్రేమకార్డులు చేసిన ఆమె అవివాహితగానే ఉండిపోయినదని పలువురు వింతగా చెప్పుకొంటారు. ముప్పది సంవత్సరాలకు పైగా అంతమంది స్త్రీలకు పని కల్పించినదన్న విషయం దానికంటె జ్ఞాపకముంచుకొనదగినది.

వూస్టరులోనే ఉన్న అమెరికన్ యాంటిక్వేరియన్ సొసైటీ గ్రంథాలయంలో ఆ నగరపు పాత కార్డులు భద్రముగా ఉన్నవి. ఎస్తర్ కార్డులలో కొన్నింటి వెనుక ఎర్రని సిరాతో 'హెచ్' అన్న చిన్న అక్షరముంటుంది. అది యజమానురాలి గుర్తు. కత్తిరించినవారికి, మడిచినవారికి అటువంటి గుర్తు లేదు. లేసు క్రింద సమముగా పడిన మడతలను చూచి, ఎవరో ఒకామె శ్రద్ధతో కూర్చుండి ఈ పని చేసినదని మనమే గ్రహించుకొనవలెను.