దుబాయ్‌లో ఫైవ్ స్టార్ హోటల్: బుక్ చేసే ముందు కుటుంబాలు చూసుకోవాల్సినవి

దుబాయ్ తెలుగు ముస్లిం కుటుంబాలకు కొత్త ఊరేం కాదు. కడప అయినా, కరీంనగర్ అయినా, హైదరాబాద్ పాతబస్తీ అయినా, ఖాందాన్‌లో ఒకరో ఇద్దరో అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు ఉంటారు. ఇదివరకు చూడ్డానికి వెళ్లినవాళ్లు బంధువుల ఫ్లాట్‌లోనే సర్దుకునేవారు. ఇప్పుడు అమ్మీ, అబ్బాలను ఒక్కసారైనా మంచి హోటల్లో ఉంచాలని, పిల్లల పరీక్షలయ్యాక నాలుగు రోజులు తిప్పుకు రావాలని డబ్బు కూడబెట్టి వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు.

చిక్కంతా అక్కడే వస్తుంది. ఫైవ్ స్టార్ అని చూసి బుక్ చేస్తారు. తీరా వెళ్లాక గదిలో ముగ్గురు పిల్లలకు చోటు లేదంటారు. తెల్లారి దిగితే మధ్యాహ్నం దాకా తాళం ఇవ్వరు. చెకౌట్ రోజు బిల్లు అనుకున్నదానికంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ ఉంటుంది. ఇందులో మోసం ఉండకపోవచ్చు. షరతులు చాలావరకు బుకింగ్ పేజీలో కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంటాయి. స్టార్లు హోటల్ స్థాయిని మాత్రమే చెబుతాయి. ఆ హోటల్ తమ కుటుంబానికి సరిపోతుందా లేదా అన్నది కుటుంబమే లెక్క వేసుకోవాలి.

స్టార్ ఎవరిస్తారు?

ప్రపంచం మొత్తానికి స్టార్లు ఇచ్చే సంస్థ ఒక్కటంటూ లేదు. ఏ దేశం పద్ధతి ఆ దేశానిదే. భారత్‌లో కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరిస్తుంది, ఫైవ్ స్టార్ పైన ఫైవ్ స్టార్ డీలక్స్ అని ఇంకో మెట్టు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో ఐదు స్టార్ల పైన ‘పాలస్’ అనే గుర్తింపును 2010లో తెచ్చారు. దుబాయ్‌లో ఈ పని అక్కడి ప్రభుత్వ ఆర్థిక, పర్యాటక శాఖది. అక్కడ ఐదుకు మించి స్టార్లు లేవు.

మరి బుర్జ్ అల్ అరబ్‌ను సెవెన్ స్టార్ అంటారు కదా? 1999 డిసెంబర్‌లో తెరుచుకున్న ఆ హోటల్‌కు ఆ పేరు పత్రికల రాతల వల్ల వచ్చింది. అధికారికంగా అదీ ఫైవ్ స్టారే. కాబట్టి సిక్స్ స్టార్, సెవెన్ స్టార్ అని ఏ ప్యాకేజీ కాగితం మీద కనిపించినా అది ప్రచారం మాట అనుకోవాలి. బుకింగ్ సైట్లలో కనిపించే 8.7, 9.1 లాంటి మార్కులూ స్టార్లు కావు, అవి బస చేసినవాళ్లు ఇచ్చినవి.

అసలు బిల్లు ఎంత?

దుబాయ్ హోటల్ బిల్లులో గది అద్దె మీద మామూలుగా నాలుగు పద్దులు కలుస్తాయి. సర్వీస్ చార్జి 10 శాతం, మున్సిపాలిటీ ఫీజు 7 శాతం, వ్యాట్ 5 శాతం, ఆపైన టూరిజం దిర్హమ్. ఈ చివరిది 2014 నుంచి ఉంది. హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌లు తీసుకుంటారు. ఫైవ్ స్టార్‌కు 20.

లెక్క వేసి చూద్దాం. పన్నులు లేకుండా గది అద్దె రాత్రికి 1,000 దిర్హమ్‌లు అనుకుంటే, సర్వీస్ చార్జి 100, మున్సిపాలిటీ ఫీజు 70, వ్యాట్ సుమారు 55. మొత్తం 1,225. టూరిజం దిర్హమ్ 20 కలిపితే 1,245. ఐదు రాత్రులకు 5,000 అనుకున్నది 6,225 అవుతుంది. రెండు గదులు తీసుకుంటే తేడాయే 2,450 దిర్హమ్‌లు. అది ఇంకో రెండు రాత్రుల గది ఖర్చుతో సమానం.

కొన్ని సైట్లు పన్నులు కలిపి చూపిస్తాయి, కొన్ని కలపవు. కొన్ని అన్నీ కలిపినా టూరిజం దిర్హమ్‌ను హోటల్లోనే కట్టమంటాయి. అందుకే రెండు హోటళ్లను పోల్చేటప్పుడు మొదటి పేజీలో కనిపించే ధరను కాకుండా, డబ్బు కట్టే ముందు వచ్చే చివరి మొత్తాన్ని రాసుకుని పోల్చాలి. పర్యాటకులకు వ్యాట్ వాపసు ఇస్తారని విని కొందరు హోటల్ బిల్లు దాచుకుంటారు. ఆ వాపసు కొని వెంట తెచ్చుకునే వస్తువులకే, హోటల్ బసకు వర్తించదు.

రూపాయిలు, కార్డు, డిపాజిట్

దిర్హమ్‌ను 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర స్థిరంగా ఉంచారు. డాలర్ పెరిగితే దిర్హమ్ కూడా మనకు అంతే ఖరీదవుతుంది. ఆరు నెలల ముందు బుక్ చేసి అక్కడికి వెళ్లాక కట్టేవాళ్లు ఈ తేడాకు కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి.

చాలా భారతీయ కార్డులు విదేశీ కరెన్సీ ఖర్చుపై 2 నుంచి 3.5 శాతం దాకా అదనపు చార్జి వేస్తాయి, దానిపై జీఎస్టీ వేరే. కౌంటర్‌లో మెషీన్ ‘రూపాయిల్లో కడతారా, దిర్హమ్‌లలోనా’ అని అడిగితే దిర్హమ్‌లే ఎంచుకోవాలి. రూపాయిలు ఎంచుకుంటే మారకం రేటు కట్టేది ఆ మెషీన్ వెనకున్న కంపెనీ, అది సాధారణంగా మనకు నష్టమే.

చెకిన్ సమయంలో హోటల్ కార్డు మీద కొంత డిపాజిట్ ఆపి ఉంచుతుంది. క్రెడిట్ కార్డైతే అది లిమిట్‌లోంచి పోతుంది, తర్వాత విడుదలవుతుంది. డెబిట్ కార్డైతే ఖాతాలోని అసలు డబ్బే ఆగిపోయి, తిరిగి రావడానికి రోజులు పట్టొచ్చు. చేతి ఖర్చుకు ఉంచుకున్న కార్డును డిపాజిట్‌కు ఇవ్వకపోవడం మంచిది.

ఇక్కడి ట్రావెల్ ఏజెంట్ దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ వసూలు చేస్తారు. అది ఎవరి పాన్ ఇచ్చారో వాళ్ల పేరిట జమవుతుంది. పన్ను కట్టాల్సిన పని లేని పెద్దవాళ్ల పాన్ ఇస్తే, ఆ డబ్బు వెనక్కి రావడానికి వాళ్ల పేరిట రిటర్న్ వేయాల్సి వస్తుంది. ఇంట్లో ఎటూ పన్ను కట్టేవాళ్ల పాన్ ఇస్తే సులువు.

గదిలో ఎంతమంది?

హోటళ్లు గది సైజును చదరపు మీటర్లలో చెబుతాయి. ఒక చదరపు మీటర్ అంటే సుమారు 10.8 చదరపు అడుగులు. 28 చదరపు మీటర్ల గది అంటే బాత్రూమ్‌తో కలిపి 300 చదరపు అడుగులే. భార్యాభర్తలకు సరిపోతుంది. ఇద్దరు పిల్లలు, నాలుగు పెట్టెలు, రెండు జానమాజులు పరిచే జాగా కావాలంటే ఇరుకే.

మామూలు గదిలో ఇద్దరు పెద్దవాళ్లు, ఒకరిద్దరు పిల్లలకు మించి అనుమతి ఉండదు. పిల్లలు అంటే ఎన్నేళ్ల వరకు అన్నది హోటల్‌ను బట్టి మారుతుంది. పన్నెండేళ్లు దాటిన అబ్బాయిని చాలాచోట్ల పెద్దవాడిగానే లెక్కిస్తారు. వయసు దాచి బుక్ చేస్తే చెకిన్‌లో పాస్‌పోర్టు చూపగానే బయటపడుతుంది, అప్పుడు ఎక్స్‌ట్రా బెడ్‌కు వాళ్లు చెప్పిందే ధర.

దాదీనో నానీనో వెంట వస్తుంటే కనెక్టింగ్ రూమ్స్ అడగాలి. అంటే రెండు గదుల మధ్య లోపలి నుంచే తలుపు ఉంటుంది. అడ్జాయినింగ్ అంటే పక్కపక్క గదులు మాత్రమే, మధ్యలో తలుపు ఉండదు. రాత్రిపూట పెద్దావిడకు మందు ఇవ్వాలన్నా, బాత్రూమ్‌కు తోడు వెళ్లాలన్నా ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘రిక్వెస్ట్ పెట్టాం’ అంటే ఖాయమైనట్టు కాదు. గ్యారంటీ ఇస్తున్నామని హోటల్ నుంచి ఈమెయిల్ తీసుకోవాలి.

ఐదారుగురు ఉన్న కుటుంబానికి హోటల్ అపార్ట్‌మెంట్ మంచి దారి. రెండు బెడ్‌రూమ్‌లు, వంటగది, చాలాచోట్ల వాషింగ్ మెషీన్ కూడా ఉంటాయి. వీటికీ ప్రభుత్వ వర్గీకరణ ఉంది. డీలక్స్ స్థాయి అపార్ట్‌మెంట్, ఫైవ్ స్టార్‌లో రెండు గదుల కంటే చాలాసార్లు తక్కువకే వస్తుంది.

భోజనం, హలాల్, మద్యం

యూఏఈలోకి వచ్చే మాంసానికి హలాల్ ధ్రువీకరణ తప్పనిసరి. అయితే ముస్లిం దేశం కదా అని అన్నీ అడక్కుండా తినేయడం కుదరదు. పంది మాంసం వడ్డించడానికి విడిగా అనుమతి తీసుకున్న రెస్టారెంట్లు పెద్ద హోటళ్లలో ఉంటాయి. దాన్ని వేరుగా వండి, మెనూలో గుర్తు పెడతారు. ఆ గుర్తు చూడటం పిల్లలకు ముందే నేర్పాలి. సాస్‌లు, డిజర్ట్‌లలో మద్యం కలిసిందా అన్నది కూడా అడిగితే చెబుతారు.

బార్ ఉన్న హోటల్ వద్దనుకునేవాళ్లకు మద్యం లేని హోటళ్లు ఉన్నాయి. రొటానా సంస్థ నడిపే రైహాన్ బ్రాండ్ ఇలాంటిదే. షేక్ జాయెద్ రోడ్డు మీద 333 మీటర్ల ఎత్తున కనిపించే రోజ్ రైహాన్ ఆ బ్రాండ్‌దే.

బోర్డ్ అనే మాట దగ్గరా జాగ్రత్త. హాఫ్ బోర్డ్ అంటే నాష్తా, ఇంకో పూట భోజనం. తాగేవి అందులో కలవకపోవచ్చు, నీళ్ల సీసాకూ బిల్లు వేయొచ్చు. ఆల్ ఇన్‌క్లూజివ్ ధరలో మద్యం ఖర్చు కూడా కలిసి ఉంటుంది. తాగని కుటుంబం తాను ముట్టనిదానికి కూడా కట్టినట్టవుతుంది. అలాంటివాళ్లు నాష్తా ఒక్కటి హోటల్లో తీసుకుని, మిగతా పూటలు బయట తింటే గిట్టుబాటు. డేరా, కరామా వైపు హైదరాబాదీ బిర్యానీ నుంచి ఇడ్లీ దాకా దొరుకుతాయి.

గదిలో ఖిబ్లా దిక్కు చూపే బాణం గుర్తు సీలింగ్ మీదో, సొరుగులోనో ఉంటుంది. జానమాజ్ అడిగితే పంపుతారు. ఈత కొలనులో బుర్ఖినీకి అనుమతి ఉందా, ఆడవాళ్లకు విడిగా సమయం ఉందా అన్నది హోటల్‌ను బట్టి ఉంటుంది కాబట్టి ముందే అడగాలి.

ఎక్కడ దిగాలి?

మెట్రో రెడ్ లైన్ ఎయిర్‌పోర్టు 1, 3 టెర్మినళ్ల నుంచి డేరా, బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్ మీదుగా మెరీనా వైపు వెళ్తుంది. మెట్రోలో ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా చోటు ఉంటుంది. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే హోటల్ అయితే టాక్సీ ఖర్చు బాగా తగ్గుతుంది.

పామ్ జుమేరా మీదికి ఈ మెట్రో రాదు. అక్కడి రిసార్టులు ఎక్కువసేపు లోపలే గడిపేవాళ్లకు సరిపోతాయి. ఉదాహరణకు, 2008లో తెరిచిన అట్లాంటిస్ ద పామ్‌లో దిగినవాళ్లకు అక్వావెంచర్ వాటర్ పార్క్ ప్రవేశం బసలోనే కలిసి ఉంటుంది. పిల్లలు రెండు రోజులు అక్కడే ఆడుకుంటారంటే ఎక్కువ అద్దె కూడా గిట్టుబాటే. పొద్దున్నే వెళ్లి రాత్రికి గదికి చేరేవాళ్లకు మాత్రం ఆ డబ్బు దండగ.

‘సీ వ్యూ’కు, ‘పార్షియల్ సీ వ్యూ’కు కూడా తేడా ఉంది. రెండోది అంటే కిటికీ దగ్గర నిలబడి పక్కకు చూస్తే కొంచెం సముద్రం కనబడటం.

ఎప్పుడు వెళ్లాలి, ఎన్నింటికి దిగాలి?

నవంబర్ నుంచి మార్చి వరకు చల్లగా ఉంటుంది, ధరలూ ఎక్కువే. కొత్త సంవత్సరం రాత్రికి కొన్ని హోటళ్లు విందును తప్పనిసరి చేసి దాని డబ్బు వేరే వసూలు చేస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, అదే హోటల్ చాలా తక్కువకు దొరుకుతుంది. పెద్దవాళ్లు లేకుండా, మాల్స్ చూసి వచ్చేవాళ్లకు ఇది అనువైన సమయం.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు విమానం ఎక్కితే, దుబాయ్ సమయం గంటన్నర వెనక కాబట్టి అక్కడ సుమారు 6.30కి దిగుతారు. గది ఇచ్చేది మధ్యాహ్నం 2 లేదా 3కి. షుగర్, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లను ఎనిమిది గంటలు లాబీలో కూర్చోబెట్టడం కంటే, ముందే అడిగి ఎర్లీ చెకిన్‌కు కొంత కట్టడమో, మధ్యాహ్నం విమానం చూసుకోవడమో మేలు.

రివ్యూలు చదవడం ఎలా?

సరాసరి మార్కు చూసి ఆగిపోకూడదు. గత మూడు, నాలుగు నెలల్లో రాసినవి ముందు చదవాలి, ఎందుకంటే యాజమాన్యం మారినా, పక్కన భవనం కడుతున్నా అవే చెబుతాయి. పదికి పది, పదికి ఒకటి ఇచ్చినవాటికంటే మధ్యరకం మార్కులు వేసినవాళ్లే వివరాలు ఎక్కువ రాస్తారు. కుటుంబంతో వెళ్లినవాళ్ల రివ్యూలను విడిగా ఎంచి, లిఫ్ట్ కోసం ఎదురుచూపులు, రాత్రి క్లబ్ చప్పుడు, ఏసీ లాంటివి ఇద్దరు ముగ్గురు చెప్పారా చూడాలి. హోటల్ పెట్టిన ఫొటోల కంటే అతిథులు పెట్టినవే గది అసలు సైజు చూపిస్తాయి.

వేరే దేశాలకు వెళ్తే

లెక్క పద్ధతి అదే, పద్దులు మారతాయి. టర్కీలో 2023 జనవరి 1 నుంచి 2 శాతం బస పన్ను ఉంది. మలేసియాలో విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్‌ల టూరిజం ట్యాక్స్ కట్టాలి, ఇది 2017లో మొదలైంది. సౌదీ అరేబియాలో 2020 జూలై నుంచి వ్యాట్ 15 శాతం. ఉమ్రాకు వెళ్లేవాళ్లు మక్కాలో ‘హరమ్ వ్యూ’, ‘పార్షియల్ హరమ్ వ్యూ’ మాటలను ఇలాగే చూడాలి. దూరం మీటర్లలో రాసినా, ఎత్తుపల్లాలు, లిఫ్టుల రద్దీ కలుపుకొని వృద్ధులకు నడవడానికి ఎంత సమయం పడుతుందో అడగాలి.

డబ్బు కట్టే ముందు

హోటల్‌కు ఒక ఈమెయిల్ రాసి ఈ ఆరు ప్రశ్నలకు జవాబు తీసుకోవాలి. పన్నులన్నీ కలిపి మొత్తం ఎంత? డిపాజిట్ ఎంత, ఎప్పుడు వెనక్కి వస్తుంది? ఈ వయసు పిల్లలతో ఈ గదిలో ఉండనిస్తారా? కనెక్టింగ్ రూమ్ ఖాయమేనా? ఎన్ని గంటలకు గది ఇస్తారు? ఏ తేదీ వరకు రద్దు చేస్తే డబ్బు పూర్తిగా వాపసు వస్తుంది?

చివరి ప్రశ్న వీసాతో ముడిపడింది. వీసా దరఖాస్తుకు హోటల్ బుకింగ్ కాగితం అడుగుతారు. వీసా వచ్చేదాకా రద్దు చేసుకోగలిగే బుకింగే ఉంచుకోవాలి. వాపసు లేని చౌక ధరకు ముందే కట్టేసి, వీసా ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే.

ఈ జవాబులన్నీ రాతపూర్వకంగా చేతిలో ఉంటే, కౌంటర్ దగ్గర పెద్దవాళ్ల ముందు వాదించాల్సిన పని రాదు. నాలుగు స్టార్ల హోటల్లో అందరూ హాయిగా నిద్రపోతే, ఆ కుటుంబానికి అదే ఫైవ్ స్టార్.