రహస్య కుట్రలు, బాహాటపు శత్రుత్వం: దైవరక్షణ కోసం ఏసర్హద్దోను ప్రార్థనలు

పరిచయం

అస్సీరియా అనగానే ఇనుప ఆయుధాలు, ముట్టడి యంత్రాలు, జయించిన ప్రజలను మూకుమ్మడిగా వేరే ప్రాంతాలకు తరలించడం మనకు గుర్తుకు వస్తాయి. ప్రాచీన పశ్చిమాసియా చరిత్రలో అస్సీరియన్ల గురించి మీరు చదివేది కూడా ఎక్కువగా ఇదే. అయితే ఆ సామ్రాజ్యం ఈజిప్టు వరకు విస్తరిస్తున్న రోజుల్లోనే, దాని సింహాసనంపై కూర్చున్న రాజు తన సొంత వంటవారు తనపై తిరగబడతారా అని సూర్యదేవుణ్ణి అడిగించాడు. ఆ ప్రశ్న రాసిన మట్టి పలక నేటికీ ఉంది.

ఆ రాజు ఏసర్హద్దోను. క్రీ.పూ. 681 నుండి 669 వరకు పాలించాడు. తెలుగు బైబిలు చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. రాజుల రెండవ గ్రంథంలో, సన్హెరీబును అతని కుమారులు హత్య చేసిన ప్రస్తావన చివర ఇతని పేరు వస్తుంది. ఇరాక్‌లోని మోసుల్ పట్టణం పక్కన ఉన్న నీనెవె శిథిలాలలో 19వ శతాబ్దం మధ్య నుండి జరిగిన తవ్వకాలలో దొరికిన వేలాది మట్టి పలకల వల్ల ఇతని పాలన గురించి మనకు ఎక్కువ వివరాలు తెలుస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. శాసనాలు, ప్రవచనాలు, పండితుల ఉత్తరాలు, దేవుడిని అడిగిన ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఒక రాజు భయం గురించి ఇంత వివరంగా తెలిపే ఆధారాలు ప్రాచీన ప్రపంచంలో అరుదు.

తండ్రి హత్య

సన్హెరీబు పెద్ద కుమారులను పక్కన పెట్టి చిన్నవాడైన ఏసర్హద్దోనును వారసునిగా ప్రకటించాడు. దీనితో అన్నలలో ఒకడైన అర్ద-ములిస్సి పగబట్టాడు. క్రీ.పూ. 681లో, టెబేతు నెల 20వ రోజున రాజు హత్యకు గురయ్యాడు. బాబిలోనియా వృత్తాంతం రాజును చంపినది అతని కుమారుడే అని చెబుతుంది గాని పేరు చెప్పదు. బైబిలు అద్రమ్మెలెకు, షరెజెరు అనే రెండు పేర్లు చెబుతుంది. ఈ అద్రమ్మెలెకే అర్ద-ములిస్సి అని ఫిన్లాండ్ పండితుడు సిమో పర్పోలా 1980లో ఒక పాత ఉత్తరాన్ని తిరిగి చదివి నిరూపించాడు.

ఆ ఉత్తరంలోని ఉదంతాన్ని విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. కుట్ర సంగతి తెలిసిన ఒక వ్యక్తి రాజుకు విన్నవించుకోవాలని కోరాడు. అధికారులు అతని విన్నపం ఎవరి గురించో ముందే అడిగి తెలుసుకున్నారు. తరువాత అతని ముఖంపై బట్ట కప్పి తీసుకుపోయి, రాజు ఎదుట ఉన్నావు, చెప్పుకో అన్నారు. నీ కుమారుడు అర్ద-ములిస్సి నిన్ను చంపబోతున్నాడని అతడు చెప్పాడు. బట్ట తీసి చూస్తే ఎదుట ఉన్నది రాజు కాదు, అర్ద-ములిస్సి. అతనిని ప్రశ్నించి చంపేశారు. హెచ్చరిక రాజభవనంలోనే ఆగిపోయింది. ఏసర్హద్దోను తరువాతి జీవితమంతా ఈ సంఘటన నీడలోనే సాగిందని చెప్పవచ్చు. రాజు చెవికి, ప్రజల నోటికి మధ్య నిలబడేవారే కుట్రదారులైతే రాజుకు నిజం ఎవరు చెప్పాలి? ఏసర్హద్దోను దీనికి వెతుక్కున్న జవాబు దేవతలు.

చేతులెత్తి చేసిన ప్రార్థన

క్రీ.పూ. 673లో రాయించిన తన శాసనంలో ఏసర్హద్దోను సింహాసనం ఎక్కిన కథను తానే చెప్పుకున్నాడు. అన్నలు తనపై చాటున చాడీలు చెప్పి తండ్రి మనసు విరిచారనీ, దేవతలు తనను ఒక రహస్య స్థలంలో దాచి తమ నీడను తనపై పరిచారనీ అంటాడు. తండ్రి మరణవార్త విన్నాక కోపంతో, దుఃఖంతో చేతులెత్తి అషూర్, సిన్, షమష్, బేల్, నబూ, నెర్గల్‌లను, నీనెవె ఇష్తార్‌ను, అర్బేలా ఇష్తార్‌ను ప్రార్థించాడు. వెనకాడకుండా వెళ్లు, మేము నీ పక్కనే నడుస్తాము అని వారు భరోసా ఇచ్చారట. చలికాలపు మంచును లెక్కచేయకుండా అతడు బయలుదేరాడు. దారిలో అన్నల సైన్యం అడ్డు వచ్చినప్పుడు యుద్ధదేవత ఇష్తార్ వారి విండ్లను విరిచిందనీ, ఆ సైనికులే ఇతడు మా రాజు అన్నారనీ శాసనం చెబుతుంది.

ఇందులో రెండు రకాల ఆపదలు ఉన్నాయి. చాటున సాగిన చాడీల నుండి దేవతలు అతనిని దాచి కాపాడారు. ఎదురుగా వచ్చిన సైన్యం నుండి ముందుండి కాపాడారు. అస్సీరియన్ల దృష్టిలో నిజమైన రాజు అషూర్ దేవుడు. భూమిపై పాలించేవాడు ఆయన ప్రతినిధి. కాబట్టి రాజుపై కుట్ర దేవుని నిర్ణయంపై కుట్ర అవుతుంది. ప్రార్థన వ్యక్తిగత భక్తిగా మొదలైనా, శాసనంలోకి ఎక్కేసరికి అది సింహాసనంపై హక్కుపత్రంగా మారింది.

ఈ శాసనాన్ని వాడుకునేటప్పుడు తేదీని మరచిపోకూడదు. సింహాసనం ఎక్కిన వెంటనే రాసినది కాదు, ఎనిమిదేళ్ల తరువాత రాసినది. మరుసటి ఏడాది ఏసర్హద్దోను, షమష్-షుమ్-ఉకిన్‌ను కాదని అష్షూర్బనిపాలును అస్సీరియా వారసునిగా ప్రకటించాడు. షమష్-షుమ్-ఉకినే పెద్దవాడని పండితుల సాధారణ అభిప్రాయం. అంటే తన తండ్రి చేసిన పనినే తానూ చేయబోతున్నాడు. చిన్నవాడిని దేవతలు ఎంచుకుని కాపాడిన కథ అప్పుడు బాగా అవసరపడింది. అతని భయం నిజమైనదే కావచ్చు, దానిని రాతిలా పదిలపరచడానికి మాత్రం రాజకీయ కారణం ఉంది.

సూర్యదేవునికి ప్రశ్నలు

ఏసర్హద్దోను కాలపు ఆధారాలలో నాకు అన్నింటికంటే విలువైనవిగా కనిపించేవి షమష్‌కు వేసిన ప్రశ్నలు. షమష్ సూర్యుడు, న్యాయదేవత. ఆకాశం నుండి అన్నీ చూస్తాడు కనుక చీకట్లో జరిగేది కూడా ఆయనకు తెలుస్తుందని నమ్మకం. ప్రశ్నను పలకపై రాసి, దేవుని ముందు ఉంచి, గొర్రెను బలి ఇచ్చి, దాని కాలేయంపై ఉన్న గుర్తులను శకున పండితులు పరిశీలించేవారు. ఆ గుర్తులే దేవుని జవాబు.

వీటి భాష న్యాయస్థానపు పత్రంలా ఉంటుంది. స్పష్టమైన జవాబు ఇవ్వమని దేవుడిని కోరతారు. ప్రశ్న ఏ రోజు నుండి ఏ రోజు వరకు వర్తిస్తుందో నిర్ణయిస్తారు. బలి గొర్రెలో లోపమున్నా, పూజారి మైలబట్టలో ఉన్నా, నోట మాట తడబడినా పట్టించుకోవద్దని ముందే వేడుకుంటారు.

బయటి శత్రువుల గురించిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. తూర్పు కొండల్లోని మీడియుల నాయకుడు కష్తరితు ఫలానా కోటను పట్టుకుంటాడా? సిథియన్ల రాజు బర్తతువాకు రాజకుమార్తెను ఇస్తే అతడు మాట నిలబెట్టుకుంటాడా? శత్రువుకు పేరుంది, ఊరుంది. ఆ ప్రశ్నకు జవాబు అవును లేదా కాదు. వచ్చిన జవాబును బట్టి సైన్యాన్ని పంపవచ్చు, ఆపవచ్చు.

లోపలి శత్రువు దగ్గరకు వచ్చేసరికి ప్రశ్న స్వరూపమే మారిపోతుంది. ఎవరో తెలియదు కనుక అందరి పేర్లూ చెప్పాలి. నపుంసక అధికారులు, గడ్డం ఉన్న అధికారులు, రాజు పినతండ్రులు, రాజవంశపు బంధువులు, రథ సారథులు, అంగరక్షకులు, భవనం లోపలి కాపలాదారులు, వంటవారు, రొట్టెలు కాల్చేవారు, చేతిపనివారు ఇలా జాబితా సాగుతుంది. సైన్యంలో చేరిన అరామీయులు, ఫిలిష్తీయులు, నూబియన్లు, ఈజిప్టు వారు కూడా అందులో ఉన్నారు. అంతటితో ఆగదు. వారి అన్నదమ్ములు, కొడుకులు, స్నేహితులు, పగలైనా రాత్రైనా, నగరంలోనైనా బయటనైనా తిరుగుబాటు చేస్తారా అని అడుగుతారు. ఈ జాబితా చదివితే రాజుకు ఎవరిమీద నమ్మకం మిగిలిందో చెప్పడం కష్టం. రాజభవనంలో ఎన్ని రకాల ఉద్యోగులు ఉండేవారో తెలుసుకోవడానికి మాత్రం చరిత్రకారులకు ఇదొక మంచి ఆధారం.

కొత్త అధికారిని నియమించే ముందు కూడా ఇలాగే అడిగేవారు. కొన్నిసార్లు ఆ వ్యక్తి పేరును పలకపై రాయకుండా, వేరే పపైరస్ ముక్కపై రాసి దేవుని ఎదుట ఉంచేవారు. శకునం చెప్పే పండితుని కంట కూడా పేరు పడకూడదన్న జాగ్రత్తగా దీనిని అర్థం చేసుకోవచ్చు. మన కౌటిల్యుని అర్థశాస్త్రం రాజకుమారుల నుండి రాజు తనను ఎలా కాపాడుకోవాలో ఒక అధ్యాయంలో చర్చిస్తుంది. అధికారులను గూఢచారులతో పరీక్షించమంటుంది. ఏసర్హద్దోనుకూ గూఢచారులు ఉన్నారు. కాని గూఢచారిని కూడా అనుమానించవలసి వచ్చినప్పుడు అతనికి మిగిలింది గొర్రె కాలేయం.

దేవుని మాట ఎవరి నోట?

అర్బేలా ఇష్తార్ పేరున పలికిన ప్రవక్తలు, వారిలో చాలామంది స్త్రీలు, భయపడవద్దని, నీ శత్రువులను నేను చూసుకుంటానని రాజుకు మళ్లీ మళ్లీ అభయమిచ్చారు. రాజభవనం ఈ ప్రవచనాలను సేకరించి పలకలపై భద్రపరచింది. కాని ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. దేవత ఒకరి నోట రాజుకు అనుకూలంగా పలికితే, మరొకరి నోట వ్యతిరేకంగానూ పలకవచ్చు.

క్రీ.పూ. 672లో ఏసర్హద్దోను తన వారసుల కోసం సామ్రాజ్యమంతటా విధేయతా ప్రమాణాలు చేయించాడు. ఆ ప్రమాణ పలకలు 1955లో నిమ్రూద్‌లో దొరికాయి. 2009లో టర్కీలోని తెల్ తాయినాత్‌లో మరొక ప్రతి బయటపడింది. వారసునికి వ్యతిరేకమైన మాట అన్న నోటి నుండి విన్నా, కొడుకు నోటి నుండి విన్నా, ప్రవక్త నోటి నుండి విన్నా దాచకుండా తెలియజేయాలని అందులో షరతు ఉంది. ప్రవక్తలను కూడా నిఘా కిందికి తెచ్చారన్నమాట.

ఆ భయం రెండేళ్లలోనే నిజమైంది. హర్రాను శివార్లలో ఒక బానిస యువతి పూనకంలో నుస్కు దేవుని మాట పలికింది. రాజ్యం సాసీ అనే వ్యక్తికి చెందుతుందనీ, సన్హెరీబు వంశం నాశనమవుతుందనీ ఆమె అన్నట్లు నబూ-రెహ్తు-ఉసుర్ అనే వ్యక్తి రాజుకు రాశాడు. వెంటనే విచారణ జరిపించమనీ, భవనం వదలకుండా ప్రాణం కాపాడుకోమనీ వేడుకున్నాడు. ఈసారి హెచ్చరిక రాజు వరకు చేరింది. క్రీ.పూ. 670లో రాజు అస్సీరియాలో చాలామంది ప్రముఖులను చంపించాడని బాబిలోనియా వృత్తాంతం ఒక్క వాక్యంలో నమోదు చేసింది. వారిలో ఎందరు నిజంగా కుట్రదారులో ఆ వాక్యం చెప్పదు.

ఆకాశం నుండి వచ్చే హెచ్చరికలకు వేరే విధానం ఉండేది. గ్రహణం రాజుకు చావును సూచిస్తే, ఒక ప్రత్యామ్నాయ రాజును గరిష్ఠంగా 100 రోజులు సింహాసనంపై కూర్చోబెట్టి, చివరకు చంపేవారు. ఆ రోజుల్లో పండితులు అసలు రాజును ఉత్తరాలలో ‘రైతు’ అని సంబోధించేవారు. ఏసర్హద్దోను కాలంలో ఈ తంతు ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగింది. రాజు రక్షణ కోసం ప్రాణం ఇచ్చిన ఆ అనామకుల తరఫున ఎవరు ప్రార్థించారో ఏ పలకా చెప్పదు.

తరువాతి పరిణామాలు

దీర్ఘరోగి అయిన ఏసర్హద్దోను క్రీ.పూ. 669లో ఈజిప్టుపై మళ్లీ దండెత్తి వెళుతూ దారిలో జబ్బుపడి మరణించాడు. కుట్రదారుల చేతిలో చావకపోవడం ఆ వంశంలో చిన్న విషయం కాదు. అతని తల్లి నకియా వెంటనే మనుమలను, ప్రముఖులను పిలిచి అష్షూర్బనిపాలుకు విధేయులుగా ఉంటామని మరోసారి ప్రమాణం చేయించింది. ఆ ప్రమాణంలో మొదట పేర్కొన్న వ్యక్తి షమష్-షుమ్-ఉకిన్. క్రీ.పూ. 652లో తమ్మునిపై బాహాటంగా తిరుగుబాటు చేసినవాడూ అతడే. అష్షూర్బనిపాలు శకున పండితులు మళ్లీ గొర్రె కాలేయాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఈసారి శత్రువు పేరును పపైరస్‌పై దాచవలసిన అవసరం రాలేదు. ఆ యుద్ధం క్రీ.పూ. 648లో బాబిలోను పతనం వరకు సాగింది.