జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కోర్టులు, పాలనా వ్యవస్థ: చరిత్ర

ప్రధానంగా ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న అమల్లోకి వచ్చాయి. కలెక్టర్లు ఆ రోజే బాధ్యతలు తీసుకున్నారు. సొంత జ్యుడీషియల్ జిల్లాల కోసం మాత్రం 2022 జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది. పాలన ఒక చేతిలో, న్యాయం మరో చేతిలో ఉండాలన్న సూత్రం ఇక్కడి పల్లెలకు తేలిగ్గా దక్కినది కాదు.

నిజాం కాలంలో జనగామ నల్గొండ జిల్లాలో ఒక తాలూకా. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున హైకోర్టు భవనం 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. మరుసటి ఏడు నిజాం ఫర్మానాతో న్యాయశాఖను పాలన నుంచి విడదీశారు. కాగితం మీద అది గొప్ప సంస్కరణే. జనగామ తాలూకాలోని విసునూరు దేశ్‌ముఖ్ గడీలో మాత్రం శిస్తు వసూలు చేసేదీ, తగవు తీర్చేదీ, శిక్ష వేసేదీ దొరే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న పొలం మీద ఆ గడీ కన్ను పడింది. కోతకొచ్చిన పంటను ఎత్తుకుపోవడానికి దొర మనుషులు వస్తే ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్తలు అడ్డం నిలిచి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. భూమి తగాదా కోర్టుకెక్కినా తీర్పు ఆమె వైపే వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాలకు నేలకొరిగాక తెలంగాణ రైతాంగ పోరాటం సాయుధమైంది. ఆ పోరాటాన్ని భూమి కోసమే అనుకుంటే సగమే అర్థమవుతుంది. దొర మాటే చట్టం, దొర మాటే తీర్పు అన్న పద్ధతి మీద తిరుగుబాటు అది.

పాలననూ న్యాయాన్నీ విడదీయడంలో దేశాల దారులు వేరు. అమెరికా 1787లో రాసుకున్న రాజ్యాంగం శాసనం, పాలన, న్యాయం మూడింటినీ విడదీసింది. అక్కడ ఫెడరల్ కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే నిచ్చెన. కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా ఆ కోర్టులే చూస్తాయి. జిల్లా కోర్టులపై అజమాయిషీ హైకోర్టుదేనని 235వ అధికరణం చెబుతుంది, కలెక్టరుది కాదు. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లను ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ల నుంచి విడదీసింది. అయినా ఎన్నికల ముందు రౌడీషీటర్లను తహసీల్దారు ముందు నిలబెట్టి బైండోవర్ చేయడం నేటికీ ఉంది. శాంతిభద్రతల కోసం పాలనాధికారి చేతిలో మిగిలిన అధికారం అది.

ఉమ్మడి వరంగల్ ప్రధాన జిల్లా కోర్టు దశాబ్దాల పాటు హనుమకొండలోనే ఉంది. అక్కడి కూడలి పేరే అదాలత్. భూపాలపల్లి నుంచి అరవై కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చి, అదాలత్ దగ్గర దిగి, వరండాలో అటెండరు తన పేరు పిలిచేదాకా నిలబడి, చివరికి వాయిదా తేదీ రాసుకుని వెనుదిరిగే కక్షిదారుకు న్యాయమంటే ముందు బస్సు చార్జీ, ఒక రోజు కూలి. 2019 జనవరి 1న తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు వచ్చింది. 2022 రాష్ట్రావతరణ దినాన అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు కొత్త జ్యుడీషియల్ జిల్లాలను ప్రారంభించారు. కొత్త జిల్లాల ఏర్పాటులో అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే.

ఏజెన్సీ కథ వేరు. కొత్తగూడ, గంగారం, గూడూరు వంటి మహబూబాబాద్ మండలాల్లో ఐదో షెడ్యూల్ గ్రామాలున్నాయి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు తెలంగాణకు 1963లో వర్తించాయి. 1970 సవరణ తర్వాత గిరిజనేతరుల మధ్య కూడా అక్కడి భూమి చేతులు మారకూడదు. ఈ కేసులు మొదట వినేది జడ్జి కాదు, రెవెన్యూ అధికారి. కోర్టు ఖర్చు భరించలేని కోయ, లంబాడా రైతుకు ఇది రక్షణగా ఉద్దేశించినది. ఫైలు ఏళ్ల తరబడి కదలకపోతే ఆ రక్షణకు అర్థం ఉండదు. చివరి దారి హైకోర్టులో రిట్.

మైదాన ప్రాంతంలోనూ భూమి కేసు ఎవరు వినాలన్నది తేలని ప్రశ్నే. 2020 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసి, పెండింగ్ కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపింది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం మళ్లీ ఆర్డీఓకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారి తెరిచింది.