తిరిగొచ్చినవాళ్ల లెక్క

తాడేపల్లిగూడెం వైపు మాధవరం అంటే ఏ మాధవరం అని అడుగుతారు. మిలటరీ మాధవరం అంటే దారి చెప్పేస్తారు. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని ఆ ఊరు చెప్పుకుంటుంది. వెళ్లినవాళ్లకి లెక్క ఉంది. పోయినవాళ్లకి స్మారకం ఉంది. ఇంటికొచ్చాక నిద్రపట్టనివాళ్లు ఎందరో ఏ రాతిమీదా కనపడదు.

ఆ బాధకి ఒక పేరు మొదటి యుద్ధంలోనే దొరికింది. ఒంటిమీద గాయం లేకుండానే చూపు, జ్ఞాపకశక్తి దెబ్బతిన్న సైనికుల గురించి 1915లో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో రాస్తూ ‘షెల్ షాక్’ అన్నాడు. స్కాట్లాండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో రివర్స్ అనే ఇంకో డాక్టరు, కవి ససూన్ లాంటి ఆఫీసర్ల చేత మాట్లాడించి వైద్యం చేశాడు. ఈ రివర్స్ అంతకుముందే మన మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి, నీలగిరుల్లోని తోడాల మీద 1906లో పెద్ద పుస్తకం వేసినవాడు. కానీ క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆఫీసర్ల ఆసుపత్రి. ఫ్రాన్స్‌లో చేతికి గాయమైన భారత సిపాయిలకి ముందుగా ఎదురైంది అనుమానం: కావాలనే కాల్చుకున్నారేమోనని. బ్రైటన్‌లో కల్నల్ బ్రూస్ సీటన్ దాదాపు 1000 గాయాలు పరిశీలించి, దానికి ఆధారం లేదని తేల్చాల్సి వచ్చింది.

మరి ఇంటికొచ్చినవాడి సంగతి? మన పల్లెల్లో ఉన్న మాటలు ఇవే: జడుసుకున్నాడు, గాలి సోకింది, మతి చెడింది. కష్టమొస్తే ద్వారకా తిరుమల చిన వెంకన్నకి మొక్కుకునే ప్రాంతం ఇది. మనిషి క్షేమంగా రావాలని మొక్కుకుంటే, వచ్చాడు కాబట్టి మొక్కు తీరినట్టే. ఆ తర్వాత అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే అది పెళ్లాం ఒక్కదానికే తెలుస్తుంది. పగలు చిరాకుపడితే ‘మిలటరీ కోపం’ అని ఊరు నవ్వుకుంటుంది.

ఈ రోజు మనం పీటీఎస్‌డీ అంటున్నది, వియత్నాం నుంచి వచ్చినవాళ్ల పోరాటం తర్వాత, 1980లో అమెరికా వైద్యుల పట్టికలోకి ఎక్కింది. 1945లో పాతికేళ్ల వయసులో తిరిగొచ్చిన మనవాడికి అప్పటికి అరవై. తన బాధకి ఒక పేరుందని తెలియకుండానే బతుకంతా గడిచిపోయి ఉంటుంది.

ఇదంతా పాతకథ అనుకోవడానికి లేదు. 2022లో మొదలైన అగ్నిపథ్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది నాలుగేళ్లకే ఇంటికొస్తారు. పెన్షన్ ఉండదు, మాజీ సైనికుల వైద్య పథకమూ వర్తించదు. సరిహద్దులో చూసింది మాత్రం వెంటే వస్తుంది. వీళ్ల నిద్ర లెక్క ఎవరు రాస్తారు?