సువానీ: ఆరు రోజుల్లో ఐదు గెలుపులు, ఎనిమిదేళ్లలో ముప్ఫై ఏడు ఓటములు

టెన్నెసీ కొండ మీది ఆ విశ్వవిద్యాలయం అసలు పేరు యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్. ఊరి పేరుతో అందరూ సువానీ అనే అంటారు. ఎపిస్కోపల్ బిషప్పులు 1857లో తలపెడితే, అంతర్యుద్ధం అడ్డొచ్చి 1868లో గానీ తరగతులు మొదలు కాలేదు. 1891లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంతో తొలి ఫుట్‌బాల్ ఆట. మనమెరిగిన ఫుట్‌బాల్ కాదిది. కోలబంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పరిగెత్తే అమెరికా ఆట.

1899లో గేటు వసూళ్ల పంపకం దగ్గర వాండర్‌బిల్ట్‌తో పేచీ వచ్చి ఆ ఏటి ఆట తప్పిపోయింది. ఆ డబ్బు రాబట్టాలిగా! జట్టు మేనేజరు ల్యూక్ లీ ఒక రైలు యాత్ర వేశాడు. నవంబరు 9న ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయం మీద 12-0. పదో తేదీన హ్యూస్టన్‌లో టెక్సాస్ ఎ అండ్ ఎం మీద 10-0. మర్నాడు న్యూ ఓర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. ఆదివారం విశ్రాంతి. 13న బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0, 14న మెంఫిస్‌లో ఓల్ మిస్ మీద 12-0. ప్రయాణం సుమారు 2,500 మైళ్లు. బంతిని ముందుకు విసరడం అప్పటికి నిషిద్ధం, ఒళ్లు హూనం చేసుకోవడమే ఆట. బయటి నీళ్లు పడవని సువానీ ఊటనీళ్లను పీపాల్లో రైలెక్కించుకున్నారట.

ఆ సీజన్‌లో 12 ఆటలకు 12 గెలుపులు. చేసినవి 322 పాయింట్లు, ఇచ్చినవి పదే. ఆ పదీ జాన్ హైస్మన్ శిక్షణలోని ఆబర్న్‌కే. ల్యూక్ లీ తర్వాత సెనేటరయ్యాడు. 1919లో హాలండ్ వెళ్లి జర్మనీ మాజీ చక్రవర్తి కైజర్‌నే ఎత్తుకొద్దామని చూశాడు. యాత్రలు వేయడం అతనికి కొత్త కాదు మరి.

ఈ జట్టు మీద వచ్చే ప్రత్యేక సంచికలు సాధారణంగా ఇక్కడే దండలు వేసి ముగిస్తాయి. తర్వాతి పేజీ కూడా చదవాలి. 1932లో విశ్వవిద్యాలయ జట్ల లీగు అయిన సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ స్థాపక సభ్యుల్లో సువానీ ఒకటి. 1933 నుంచి 1940 దాకా కాన్ఫరెన్స్‌లో 37 ఆటలాడి 37 ఓడింది. పెద్ద విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు ఉపకారవేతనాలిచ్చి జట్లు కూడగట్టుకుంటుంటే, వైస్ చాన్సలర్ అలెగ్జాండర్ గెర్రీ ఆ పద్ధతే మాకొద్దన్నారు. 1940 చివర్లో సువానీ కాన్ఫరెన్స్ వదిలి వచ్చేసింది. రైలు యాత్రకు కండలు చాలాయి; దీనికి మొండితనం కావాల్సి వచ్చింది.

తనంతటి కాలేజీలతో ఆడుతూ 1958లో, 1963లో కోచ్ షిర్లీ మేజర్స్ ఆధ్వర్యంలో ఓటమి లేకుండా సీజన్ ముగించింది. ఇప్పుడు ఆడేది కాలేజీ ఆటల మూడో అంచె అయిన డివిజన్ త్రీలో. అక్కడ ఆట కోసం ఉపకారవేతనం ఇవ్వరు.